చంటిపిల్లలతో థీమ్ పార్క్‌కి వెళ్తున్నారా? బ్యాగ్ ఒంటి చేత్తో తీసేలా సర్దుకోండి

మా వాడికి రెండేళ్లు నిండిన కొత్తలో మొదటిసారి థీమ్ పార్క్‌కి తీసుకెళ్లాం. ముందురోజు రాత్రి పదకొండు దాకా కూర్చుని సర్దాను, ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద బ్యాక్‌ప్యాక్ నిండా, జిప్ పడకపోతే మోకాలు పెట్టి నొక్కి మరీ. ఏదీ మర్చిపోలేదని తెగ గర్వపడ్డాను కూడా. తీరా రంగులరాట్నం క్యూలో అరగంట నిలబడి, ముందు ఇంకో ఇరవై మంది ఉన్నారనగా వాడు నా భుజం మీదే కక్కేశాడు. వాణ్ణి ఎడమ చంకన వేసుకుని కుడి చేత్తో బ్యాగ్ ముందుకి లాక్కుని వైప్స్ కోసం తవ్వుతున్నా, పైన టవల్, దాని కింద స్నాక్స్ డబ్బా, దాని కింద రెయిన్‌కోట్, వైప్స్ ఏమో అట్టడుగున. వెనకున్న ఒకావిడ జాలిపడి తన దగ్గరున్న టిష్యూలు ఇచ్చింది. వాడికి మారు బట్టలు తెచ్చాను గానీ నాకు తెచ్చుకోలేదు, సాయంత్రం ఆరింటిదాకా ఆ వాసనతోనే తిరిగాను.

అప్పట్నుంచి సర్దేటప్పుడు నా ప్రశ్న ఒకటే: పిల్లోడు చంకలో ఉన్నప్పుడు, ఒంటి చేత్తో, లోపలికి చూడకుండా తడిమితే ఇది దొరుకుతుందా? దొరకదనుకుంటే అది ఇంట్లో ఉన్నా బ్యాగ్‌లో ఉన్నా ఒకటే. కింద రాసిందంతా ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ల లోపు పిల్లలకి సరిపోతుంది, అంటే నడుస్తారు గానీ నడవమంటే నడవరు చూడండి, ఆ వయసు.

స్టెప్ 1: ముందు పార్క్ రూల్స్, తర్వాతే బ్యాగ్

ఒక్కో పార్క్‌ది ఒక్కో పద్ధతి. వెళ్లేది ఏ పార్క్ అయితే దాని సొంత సైట్‌లోనో యాప్‌లోనో నాలుగు విషయాలు చూసుకోండి: బయటి తిండి రానిస్తారా, స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి) సైజుకి లిమిట్ ఉందా, నీళ్ల రైడ్లకి ఎలాంటి బట్టలు ఉండాలి, లాకర్లు ఉన్నాయా. ఉదాహరణకి అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 2019 మే 1 నుంచి స్ట్రోలర్ వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు, లాక్కెళ్లే వ్యాగన్లు అసలు రానివ్వరు, తిండి చల్లగా ఉంచే కూలర్ డబ్బాలో విడి ఐస్ ముక్కలు కూడా కుదరవు. ఇలాంటివి గేటు దగ్గరకెళ్లి తెలుసుకుంటే తిరిగి పార్కింగ్ దాకా నడవాలి, పిల్లాడితో ఆ నడక ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బయటి తిండి వద్దనే చోట కూడా చంటిపిల్లల తిండికి మినహాయింపు ఇచ్చే పార్కులు చాలానే ఉన్నాయి, ఆ లైన్ రూల్స్‌లో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గేటు దగ్గర వాదించే పని తప్పుతుంది. గాజు సీసాలు మాత్రం దాదాపు ఎక్కడా రానివ్వరు.

పిల్లల టికెట్ కొన్ని చోట్ల వయసుని బట్టి ఉంటుంది, కొన్ని చోట్ల ఎత్తుని బట్టి. కాబట్టి వయసు రుజువు ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి కాగితం మీద పెట్టుకోండి. ఇంట్లో గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి రాసుకుంటే, ఏ రైడ్ వాడికి కుదురుతుందో ముందే తెలుస్తుంది. కుదరని రైడ్ ముందు గంట నిలబడి ఏడిపించి తీసుకురావడం కన్నా అటు వైపే వెళ్లకపోవడం నయం.

ఇంకొకటి, పెద్దవాళ్లు ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు రైడ్ ఎక్కి పిల్లాణ్ణి మార్చుకునే ఏర్పాటు చాలా పార్కుల్లో ఉంటుంది. దానికీ సర్దడానికీ ఏంటి సంబంధం అంటారా? ఒకసారి మా ఆయన బ్యాగ్ భుజాన ఉందన్న సంగతే మర్చిపోయి రైడ్ క్యూలోకి వెళ్లిపోయారు, నేను బయట పిల్లాడితో, చేతిలో ఒక్క డైపర్ లేకుండా. అందుకే పక్క స్టెప్.

స్టెప్ 2: ఒక పెద్ద బ్యాగ్ వద్దు, మూడు పెట్టుకోండి

మొదటిది పిల్లాడి బ్యాగ్. నడుముకి కట్టుకునేదో భుజం మీంచి అడ్డంగా వేసుకునేదో, చిన్నది. పిల్లాడు ఎవరి దగ్గరుంటే ఇది వాళ్ల ఒంటి మీదే ఉండాలి, పిల్లాడు చేతులు మారితే బ్యాగ్ కూడా మారాలి. ఈ ఒక్క రూల్‌లో మాత్రం మొహమాటం వద్దు.

రెండోది స్ట్రోలర్ కింద బుట్టలోనో లాకర్లోనో ఉండే బ్యాక్‌ప్యాక్. గంటకోసారి అవసరం పడేవి ఇందులో.

మూడోది కార్లోనో రూమ్‌లోనో వదిలేసేది. తిరుగు ప్రయాణానికి కావాల్సినవన్నీ అందులో. కాకపోతే మందులు, సన్‌స్క్రీన్, పవర్ బ్యాంక్ లాంటివి ఎండలో ఆగిన కార్లో పెట్టకండి, ఆ వేడికి మందులు పాడవుతాయి, బ్యాటరీలకి అసలే మంచిది కాదు.

స్టెప్ 3: పిల్లాడి బ్యాగ్‌లో డైపర్ కిట్లు

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. డైపర్లన్నీ ఒక చోట, వైప్స్ ఒక చోట, కవర్లు ఒక చోట పెట్టడం మానేశాను. ఒక చిన్న జిప్‌లాక్ కవర్ తీసుకుని అందులో ఒక డైపర్, దాని మడతలో ఆరేడు వైప్స్ విడిగా ఇంకో బుల్లి కవర్లో, పాడైన డైపర్ వేసి ముడి వేయడానికి ఒక ఖాళీ కవర్. గాలంతా నొక్కేసి మూస్తే అరచేతి అంత అవుతుంది. ఒకసారి మార్చడానికి ఒక కిట్, అంతే. బాత్రూమ్‌కి బ్యాగ్ మొత్తం మోసుకెళ్లక్కర్లేదు, ఒక కిట్ జేబులో పెట్టుకుని పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్తే చాలు. మా ఆయన "నాకు ఏవెక్కడున్నాయో తెలీదు" అని తప్పించుకునే దారి కూడా దీంతో మూసుకుపోయింది.

ఎన్ని కిట్లు? పార్క్‌లో ఉండే టైమ్‌ని రెండు గంటలకి ఒకటి చొప్పున లెక్కేసి పైన ఇంకో మూడు కలపండి. ఎనిమిది గంటలుంటే నాలుగు ప్లస్ మూడు, ఏడు. వాటిలో రెండు పిల్లాడి బ్యాగ్‌లో, మిగతావి బ్యాక్‌ప్యాక్‌లో.

చిన్న బ్యాగ్‌లో వీటితో పాటు ఒక జత బట్టలు (అదీ జిప్‌లాక్‌లోనే), చిన్న వైప్స్ ప్యాకెట్, చిన్న శానిటైజర్, ఒక స్నాక్, మందుల పౌచ్, ఫోన్. ఇంకేం పెట్టొద్దు, నిండితే మళ్లీ తవ్వకం మొదలవుతుంది. శానిటైజర్ ఉంది కదా అని సబ్బు మానకండి, వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు, తినే ముందు కుళాయి కనిపిస్తే సబ్బుతో కడగడమే మంచిది. అందుకే కాగితం సబ్బు చిన్న డబ్బా ఒకటి వేసుకుంటా.

డైపర్ మాన్పించే దశలో ఉంటే ఆ ఒక్కరోజుకి పుల్-అప్ డైపర్ వేసేయండి, క్యూ మధ్యలో "అమ్మా, వస్తోంది" అంటే బాత్రూమ్ దాకా ఆగే వయసు కాదది. ఇంకో చిట్కా, చాలామందికి తెలీదు: పసుపు రంగు స్టిక్కీ నోట్స్ నాలుగు పెట్టుకోండి. పబ్లిక్ టాయిలెట్లలో సెన్సార్ ఉన్న కమోడ్ మీద చిన్నపిల్లల్ని కూర్చోబెడితే సరిగ్గా అందక అది మధ్యలోనే దభాల్న ఫ్లష్ అవుతుంది, వాళ్లు భయపడిపోయి ఇక ఆ రోజంతా టాయిలెట్ అంటే ఏడుపే. సెన్సార్ మీద ఒక నోట్ అంటించి, పనయ్యాక పీకేస్తే సరి.

స్టెప్ 4: నీళ్ల రైడ్లు ఉంటే

మామూలు డైపర్‌తో నీళ్లలో దింపకండి, అది నీళ్లన్నీ పీల్చేసి ఇటుకంత బరువెక్కి జారిపోతుంది. స్విమ్ డైపర్ కావాలి, కానీ అది మలాన్ని ఆపుతుంది తప్ప మూత్రాన్ని ఆపదు, కాబట్టి పొద్దున్నే ఇంటి దగ్గర వేసి తీసుకెళ్తే కారు సీటు తడుస్తుంది. నీళ్లలోకి దిగేముందే మార్చండి.

స్విమ్ డ్రెస్ రంగు కూడా చూడండి. లేత నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోయి కనిపించవు, నారింజ, గులాబీ లాంటి నియాన్ రంగులు ఇట్టే కనిపిస్తాయి. కాటన్ బట్టలతో నీళ్లలోకి రానివ్వని పార్కులు ఉన్నాయి, నైలాన్‌వి అడుగుతారు, పెద్దవాళ్లక్కూడా. కాళ్లకి నీళ్లలో వేసుకునే షూస్ ఉంటే మంచిది, ఎండలో ఆ గచ్చు పెనంలా కాలుతుంది. తడి బట్టలకి నీళ్లు కారని కవర్ ఒకటి మర్చిపోవద్దు.

స్టెప్ 5: బట్టలు, చెప్పులు

పిల్లాడికి రెండు జతలు, ఒక్కో జత ఒక్కో జిప్‌లాక్‌లో: చొక్కా, నిక్కరు, సాక్స్ అన్నీ కలిపి. పాడైన జత మళ్లీ అదే కవర్లో వేసి మూసేస్తే వాసన బయటికి రాదు. మీకు ఒక టీషర్ట్, పల్చనిది, చుట్టగా చుట్టి పెట్టుకోండి, నా అనుభవం తెలుసుగా.

కొత్త చెప్పులు ఆ రోజు మొదలుపెట్టకండి. అలవాటైనవి, వేళ్లు మూసి ఉండేవి, వెనక పట్టీ ఉన్నవి. ఎస్కలేటర్లు ఉన్న చోట మెత్తటి రబ్బరు క్లాగ్స్‌తో జాగ్రత్త, అంచుల్లో ఇరుక్కుంటాయి. సాయంత్రం లైట్లు, బాణసంచా దాకా ఉండేట్టయితే పల్చటి జాకెట్ ఒకటి, వాన అనుమానం ఉంటే గొడుగు వదిలేసి పోంచో (తల మీంచి వేసుకునే వదులు రెయిన్‌కోట్) తెచ్చుకోండి, గొడుగు పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది.

స్టెప్ 6: తిండి, నీళ్లు

పార్క్‌లో తిండి దొరకదని కాదు, దొరికేలోపు వీళ్లు ఆగరు. క్యూలో నిలబడి తినడానికి పనికొచ్చేవి కావాలి: పొడిగా ఉండి, చేతికి అంటుకోకుండా, ఎండకి కరగకుండా, మెల్లగా తినేవి. చాక్లెట్ అస్సలు వద్దు. నేను ఐదారు గళ్లున్న చిన్న డబ్బాలో ఒక్కో గడిలో ఒక్కో రకం వేస్తాను, వాడు మూత తీసి ఏది తినాలో ఎంచుకోవడానికే పది నిమిషాలు పడుతుంది, క్యూ కొంత జరుగుతుంది.

గొంతుకి అడ్డం పడేవి మాత్రం ఈ వయసులో ఇవ్వకూడదు: గింజలు, పాప్‌కార్న్, గట్టి క్యాండీలు. పార్క్‌లో అడుగడుగునా పాప్‌కార్న్ బండ్లు ఉంటాయి, నాలుగేళ్ల దాకా అది వద్దనే పిల్లల డాక్టర్లు చెప్తారు. ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు కోసి పెట్టండి, అడ్డంగా కోస్తే గుండ్రంగానే ఉంటుంది కాబట్టి లాభం లేదు. ఇంకా, కదిలే రైడ్ మీదా పరిగెత్తేటప్పుడూ నోట్లో ఏమీ ఉండకూడదు.

ఇంటి నుంచి వండి తెచ్చింది రెండు గంటలు దాటితే పెట్టకండి, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. ఐస్ ప్యాక్ పెట్టి చల్లగా ఉంచితే వేరే సంగతి. పాలపొడి తాగే పిల్లలకి పొడి కొలిచి చిన్న డబ్బాల్లో విడిగా, మరిగించి తెచ్చిన వేడి నీళ్లు ఫ్లాస్క్‌లో విడిగా తీసుకెళ్లి అప్పటికప్పుడు కలిపి చల్లార్చి పట్టండి, కలిపేసిన పాలు బ్యాగ్‌లో వేసుకుని తిరగకండి.

నీళ్లకి స్ట్రా ఉన్న సిప్పర్, స్ట్రోలర్‌కి చిన్న దారంతో కట్టి. కట్టకపోతే విసిరేస్తారు, విసిరితే మనం వంగి తీయాలి, ఇరవై సార్లు. వీళ్లు దాహం అని నోరు తెరిచి అడగరు, కాబట్టి ప్రతి క్యూ మొదట్లో రెండు గుక్కలు తాగించడం నేను అలవాటు చేసుకున్నా.

స్టెప్ 7: ఎండ

ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్, గేటు దగ్గర కాదు, బయల్దేరేముందే రూమ్‌లోనో కార్లోనో రాసేయండి, ఎండలోకి వెళ్లే పావుగంట ముందు రాయాలి. తర్వాత రెండు గంటలకోసారి, నీళ్లలోంచి బయటికొచ్చినప్పుడల్లా మళ్లీ. ఫోన్‌లో అలారం పెట్టుకోకపోతే ఎవరికీ గుర్తుండదు. ముఖానికి స్టిక్ లాంటిది అయితే గంధం బొట్టు పెట్టినట్టు గీసేయొచ్చు, వాళ్లు తల తిప్పేలోపు అయిపోతుంది. స్ప్రే రకం ముఖం మీద కొట్టొద్దు, పీల్చేస్తారు. ఆరు నెలల లోపు చంటిది కూడా మీతో ఉంటే దానికి సన్‌స్క్రీన్ కన్నా నీడే దారి.

చెవులు, మెడ వెనక కప్పే టోపీ తీసుకోండి, గడ్డం కింద పట్టీ ఉన్నది. స్ట్రోలర్ మీద చున్నీనో దుప్పటినో కప్పేస్తే నీడ పట్టినట్టు కనిపిస్తుంది గానీ లోపల గాలాడక వేడి ఇంకా పెరుగుతుంది. ఇది నేనూ చేశాను, లోపల చెయ్యి పెట్టి చూస్తే ఆవిరి కొట్టింది. దాని బదులు ముందుకి సాగే టాప్, క్లిప్ పెట్టే చిన్న ఫ్యాన్ (వేళ్లు దూరని జాలీ ఉన్నది), ఒక తడి గుడ్డ సరిపోతాయి.

స్టెప్ 8: స్ట్రోలర్

మావాడు నడుస్తాడు, స్ట్రోలర్ ఎందుకు అనుకోకండి. నడిచే పిల్లాడు మధ్యాహ్నం రెండింటికి నడవడం మానేస్తాడు, అప్పుడు పన్నెండు కిలోలు మీ చంకలో. తేలిగ్గా మడిచేది, వెనక్కి వాలేది తెచ్చుకోండి, మధ్యాహ్నం నిద్ర అందులోనే అయిపోతుంది. బరువు బ్యాగులు హ్యాండిల్‌కి తగిలించొద్దు, పిల్లాణ్ణి దించిన మరుక్షణం స్ట్రోలర్ వెనక్కి పడుతుంది, మాది రెండుసార్లు పడింది, రెండోసారి బ్యాగ్‌లో టిఫిన్ డబ్బా మూత ఊడింది.

రైడ్ దగ్గర స్ట్రోలర్ పెట్టి వెళ్తే, తిరిగొచ్చేసరికి స్టాఫ్ వరుసలు సర్ది ఇంకో చోట పెట్టి ఉంటారు. అన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి. హ్యాండిల్‌కి ఓ కొట్టొచ్చే రంగు రిబ్బన్ కట్టండి. పర్సు, పాస్‌పోర్ట్, మందులు మాత్రం అందులో వదలకండి. స్ట్రోలర్ ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ట్రాకర్ పెట్టేవాళ్లు ఉన్నారు, మంచిదే, కానీ దాంట్లో ఉండేది బిళ్ల బ్యాటరీ, పిల్లాడి చేతికి అందని చోట దాచండి.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి: పార్క్‌లో అమ్మే మెరిసే బొమ్మలు, లైటు కడ్డీలు చాలావాటిలో ఈ బిళ్ల బ్యాటరీలే ఉంటాయి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, కాబట్టి మూతకి స్క్రూ ఉందో లేదో చూడకుండా కొనకండి. మింగాడని అనుమానం వచ్చినా ఏడుస్తున్నాడా లేదా అని చూస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకే.

స్టెప్ 9: మందుల పౌచ్

చిన్నది చాలు. వాడి బరువుకి డాక్టర్ చెప్పిన జ్వరం మందు, కొలిచే సిరంజితో సహా. డ్రాప్స్‌లో, సిరప్‌లో మందు గాఢత వేరుగా ఉంటుంది, ఇంట్లో సిరప్ వాడుతూ ఇక్కడ డ్రాప్స్ తెచ్చి అదే కొలత పోస్తే డోసు ఎక్కువైపోతుంది, కాబట్టి ఎంత పోయాలో సీసా మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి. బ్యాండ్-ఎయిడ్‌లు, ఒరుపుకి రాసే క్రీమ్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నిట్లోనే మొత్తం ప్యాకెట్ కలపాలి, సగం చించి గ్లాసులో వేయడం వద్దు, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఎలర్జీ మందులు రోజూ వాడేవి ఉంటే రెండు పూటలకి సరిపడా ఎక్కువ పెట్టుకోండి.

శబ్దాలకి జడిసే పిల్లలైతే చెవులమీద పెట్టే ఇయర్‌మఫ్స్ కావాలి, పరేడ్, బాణసంచా టైమ్‌లో ప్రాణం లేచొస్తుంది. చెవి లోపల పెట్టే బిరడాలు ఈ వయసుకి వద్దు, తీసి నోట్లో పెట్టుకుంటారు.

స్టెప్ 10: తప్పిపోతే

అనుకోవడానికే గుండె జారుతుంది గానీ సర్దేటప్పుడే చూసుకోవాలి. పొద్దున గేటు దగ్గర నిలబెట్టి తల నుంచి చెప్పుల దాకా ఒక ఫోటో తీయండి, ఏ రంగు చొక్కా అని ఎవరైనా అడిగితే కంగారులో ఏదీ గుర్తురాదు. ముంజేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాసి పైన పారదర్శకమైన బ్యాండేజ్ అంటించండి, చెమటకి చెరగదు. పేరు మాత్రం చొక్కా మీద బయటికి కనపడేలా రాయొద్దు, తెలియనివాళ్లు పేరు పెట్టి పిలిస్తే వీళ్లు వెళ్లిపోతారు. లోపలికి వెళ్లగానే ఒక స్టాఫ్ మనిషిని చూపించి "ఇలాంటి డ్రెస్ వేసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లు" అని చెప్పండి.

పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్‌ది ఒకటి చాలు, కేబుల్ తగిలించే పెట్టండి. టికెట్లు, మ్యాప్, ఫోటోలు అన్నీ ఫోన్‌లోనే కాబట్టి మధ్యాహ్నానికే చార్జ్ అయిపోతుంది.

స్టెప్ 11: క్యూలో కాలక్షేపం

కొత్త బొమ్మలు కొనక్కర్లేదు. ఒక స్టిక్కర్ల షీట్, ఒక బుడగల సీసా, వాడికి ఇష్టమైన బొమ్మకి నకలు ఉంటే అది. అసలుది ఇంట్లోనే ఉంచండి. అసలుది పోగొట్టుకున్న ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పడుకోరు.

స్టెప్ 12: ముందురోజు రాత్రి ట్రయల్

సర్దడం అయిపోయాక పిల్లాణ్ణి, వాడు పడుకుంటే అంత బరువున్న దిండునో బియ్యం సంచినో, చంకన వేసుకుని చిన్న బ్యాగ్ తగిలించుకోండి. కళ్లు మూసుకుని ఒంటి చేత్తో వైప్స్ తీయండి, తర్వాత కిట్, తర్వాత మందుల పౌచ్. ఏది తీయడానికి పదిసార్లు తడమాల్సి వచ్చిందో దాన్ని బయటి జేబులోకి మార్చండి. నేను ఇలా చేస్తుంటే మా అత్తయ్య చూసి నవ్వారు, మరుసటి వారం ఆవిడే మా ఆడపడుచుకి ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే విన్నాను.

తర్వాత కారు బ్యాగ్: పిల్లాడికి నైట్ డ్రెస్, ఒక రాత్రి డైపర్, తడి గుడ్డ, పాల సీసా కడిగి ఎండబెట్టినది, మీ ఇద్దరికీ మారు చెప్పులు. పార్క్‌లోంచి బయటికొచ్చి కారు డోర్ తీయగానే సీటు మీదే పడుకోబెట్టి తుడిచి నైట్ డ్రెస్ వేసేయండి, దారిలో ఎలాగూ నిద్రపోతాడు, ఇంటికెళ్లాక లేపి బట్టలు మార్చాల్సిన పనుండదు. తడి బట్టల కవర్ మాత్రం ఆ రాత్రే తీసి ఆరేయండి, ఎంత అలసిపోయినా సరే, నేను ఒకసారి మూడు రోజులు మర్చిపోయి ఆ స్విమ్ డ్రెస్ కవర్‌తో సహా పారేశాను.